సందేహమూ అనుమానమూ

రెండేండ్ల క్రితం ఒకనాడు ప్రథమ సంవత్సరం తరగతిలో మేము అలంకారాలు బోధిస్తున్నాము. స్మృతి, భ్రాంతి, సందేహం అను మూడింటిని అలంకారశాస్త్రంలో పక్కపక్కనే చెప్పుట ఆచారం. ఇది ముఖమా, చంద్రబింబమా అని తేల్చుకొనలేక కవి ఊగిసలాడితే అది సందేహాలంకారం. ముఖాన్ని చంద్రుడే అనుకొని చకోరపక్షి దాని వెంటబడితే అది భ్రాంతిమదలంకారం. ఈ రెండింటి భేదాన్ని నల్లబల్లపై వ్రాసి, గంట కొట్టగానే పుస్తకం మూసినాము. విద్యార్థులందరూ వెళ్ళిపోయినారు. ఒక్కడు మాత్రం గుమ్మం వద్ద తటపటాయిస్తూ నిలబడినాడు.

"సార్, సందేహం వస్తే పాపమా?" అని అడిగినాడు.

ప్రశ్న అలంకారాలను గూర్చి కాదని అతని ముఖం చూడగానే తెలిసినది. తరువాతి తరగతికి వేళ అవుచున్నది. వయసు పద్దెనిమిది, ఏ పుస్తకమో చదివి ఉంటాడు, ఏ మిత్రుడో ఏదో వాదించి ఉంటాడు అనుకొన్నాము. "అట్టి ఆలోచనలు ఇప్పుడెందుకు? చదువు మీద దృష్టి పెట్టు" అన్నాము. అతడు "సరే సార్" అని తల వంచుకొని వెళ్ళినాడు.

ఆ జవాబు మాకే రుచించలేదు. ఉర్దూ శాఖలోని మిత్రులతో ఈ మాట ప్రస్తావించగా అది ఒక సాయంకాలపు సంభాషణ అయినది; ఆ పిమ్మట అనేక సాయంకాలాలు నడచినది. ఈ వ్యాసం ఆ సంభాషణల ఫలితమే. ఇందులోని అరబ్బీ, ఉర్దూ పదాల అర్థాలు వారు విప్పి చెప్పినవి. పొరపాట్లు ఏవైనా ఉంటే అవి మావి.

ముందుగా మాటల సంగతి. తెలుగులో సందేహం, సంశయం, శంక, అనుమానం అను నాలుగు మాటలను ఒకదానికి బదులొకటి వాడుకొంటాము. కాని నాలుగూ ఒకటి కావు. సంశయం అను సంస్కృత పదంలో ఉన్న ధాతువునకు పడుకొనుట అని అర్థం. రెండు పక్షాలు మనస్సులో ఒకదాని పక్కన ఒకటి పడుకొని ఉన్న స్థితి సంశయం. ఏదీ ఇంకా లేచి నిలబడలేదు. అనుమానం వేరు. తర్కశాస్త్రంలో అది చాలా గౌరవమైన మాట. కొండ మీద పొగ చూచి, అక్కడ నిప్పు ఉన్నదని ఊహించుట అనుమాన ప్రమాణం. కాని మన ఇండ్లలో, వీధులలో ఆ మాట కిందికి జారినది. "ఆయనకు భార్య మీద అనుమానం" అన్నప్పుడు పొగా లేదు, కొండా లేదు. నిప్పు మాత్రం ఉన్నదని నిశ్చయం జరిగిపోయినది. అనుమానం పెనుభూతమని మన పెద్దలు అన్నది ఈ రెండవ దానిని గూర్చియే.

ఉర్దూలో ఈ భేదం మరింత స్పష్టంగా ఉన్నది. షక్ అనగా సందేహం. గుమాన్ అనగా ఊహ. అది చెడు ఊహ అయితే బద్‌గుమానీ, మంచి ఊహ అయితే హుస్నె జన్. ఇక ధర్మశాస్త్ర పండితులు త్రాసు పట్టి తూచినట్లు మెట్లు కట్టినారు. రెండు పక్షాలూ సమంగా తూగితే షక్. ఒక పక్షం మొగ్గితే ఆ మొగ్గిన వైపు జన్, తేలిపోయిన వైపు వహం. మొగ్గుకు కూడా చోటు లేనంతటి నిశ్చయం యఖీన్. మా ఉర్దూ మిత్రులు ఈ మెట్లను చెప్పుచున్నప్పుడు మాకు వెంటనే న్యాయదర్శనం జ్ఞాపకం వచ్చినది. గౌతముడు న్యాయసూత్రాలలో పదహారు పదార్థాలను లెక్కించి, ప్రమాణం, ప్రమేయం తరువాత మూడవ స్థానాన్ని సంశయానికే ఇచ్చినాడు. బొత్తిగా తెలియని దానిపై గాని, పూర్తిగా తేలిపోయిన దానిపై గాని విచారణ సాగదనీ, సంశయం ఉన్నచోటనే సాగుననీ వ్యాఖ్యాత వాత్స్యాయనుడు చెప్పినాడు.

తార్కికుల ఉదాహరణ పల్లెటూరి వారందరికీ పరిచితమైనదే. మునిమాపు వేళ పొలం గట్టున ఏదో నిలబడి ఉన్నది. అది మోడా, మనిషా? ఎత్తు రెండింటికీ సరిపోవుచున్నది. చేతులు కనిపించుట లేదు, తొర్రా కనిపించుట లేదు. ఈ స్థితి సంశయం. అది మోడే అయి ఉండి, దొంగ అని కేకలు వేస్తూ రాయి విసిరితే అది సంశయం కాదు. తెలుగువాడని ప్రతీతి గల అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో అయథార్థ జ్ఞానాన్ని విభజిస్తూ సంశయాన్నీ, విపర్యయాన్నీ వేరు వేరు గదులలో ఉంచినాడు. ముత్యపు చిప్పను వెండి అనుకొనుట విపర్యయం. అలంకారశాస్త్రంలోని భ్రాంతి ఇదే. సంశయం ఉన్నవాడు దగ్గరకు పోయి చూస్తాడు. విపర్యయం పట్టినవానికి దగ్గరకు పోవలసిన అవసరమే తోచదు, ఎందుకనగా అతనికి అప్పటికే తెలుసు.

గ్రీకు దేశంలో సందేహవాదులు అని పేరు పొందిన వారి పేరుకు మూలార్థం కూడా పరిశీలించువారు అనియే. వారిలో మొదటివాడుగా చెప్పబడే పిరో అలెగ్జాండరు సేనల వెంట మన దేశానికి వచ్చి ఇక్కడి దిగంబర జ్ఞానులను కలిసినట్లు గ్రీకు గ్రంథకర్తలు వ్రాసినారు. ఆ కథ ఇక్కడికి చాలును. మన విషయం అంత దూరంలో లేదు.

మతజీవనంలో సందేహానికి చోటు లేదని సాధారణంగా అనుకొంటారు. నిజానికి సందేహం పేరు మీద ఒక దినమే ఉన్నది. చాంద్రమాసం సగటున 29 దినాల 12 గంటల 44 నిమిషాలు. కావున నెలకు 29 దినాలైనా ఉండవలెను, 30 అయినా ఉండవలెను. షాబాన్ 29వ నాటి సాయంకాలం ఆకాశం మబ్బు పట్టి నెలవంక కనిపించకపోతే, మరునాడు షాబాన్ 30 అగునో, రంజాను ఒకటి అగునో తెలియదు. ఆ మరునాటికి యౌముష్షక్ అని పేరు, అనగా సందేహదినం. ఆనాడు, దేనికైనా మంచిదని, రంజాను ఉపవాసమనే సంకల్పంతో ఉపవాసం ఉండరాదని ధర్మశాస్త్రం చెప్పుచున్నది. భక్తుడు సహజంగా అటువైపే మొగ్గుతాడు. ఒక దినం ఎక్కువైతే నష్టమేమి అంటాడు. శాస్త్రం ఒప్పుకొనదు. సాక్ష్యం లేకుంటే నెలను 30 దినాలుగా పూర్తి చేయవలెను. హైదరాబాదులో ఏటేటా రూయతె హిలాల్ కమిటీ సమావేశమై, నెలవంకను చూచినామని వచ్చినవారి సాక్ష్యాలను విచారించి ప్రకటన చేయుట మన విద్యార్థులకు తెలిసినదే. ఆ రాత్రి మేడల పైన నిలబడి పడమటి దిక్కు చూచు వేలాది జనం చేయుచున్నది ఏమిటి? తమకు ఇంకా తెలియదని ఒప్పుకొని, తెలుసుకొనుటకై వేచి ఉన్నారు.

సందేహం వచ్చినప్పుడు ఏమి చేయవలెనో ధర్మశాస్త్రం చెప్పిన తీరు మమ్ములను చాలా ఆకర్షించినది. "నిశ్చయం సందేహం వలన తొలగదు" అను సూత్రం ఆ శాస్త్రంలోని అయిదు మూలసూత్రాలలో ఒకటి. ఉస్మానీ సామ్రాజ్యంలో 1869-76 సంవత్సరాల మధ్య వెలువడిన మజల్లా అను న్యాయస్మృతిలో ఇది నాల్గవ అధికరణం. వజూ చేసుకొన్నట్లు ఒకనికి నిశ్చయంగా తెలుసు. తరువాత అది భంగమైనదో లేదో అని సందేహం వచ్చినది. భంగమైనట్లు రూఢిగా తెలియనంతవరకు వజూ ఉన్నట్లే. నమాజులో మూడు రకాతులు అయినవో, నాలుగు అయినవో జ్ఞాపకం లేదు. మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ సంప్రదాయం దీనికి మూడు జవాబులు చెప్పినది. అట్టి సందేహం అలవాటు లేనివాడైతే మరల మొదటినుండి చేయవలెను. తరచుగా వచ్చేవాడైతే మొదలుపెట్టనక్కర లేదు. తన మనస్సు ఎటు మొగ్గునో దానిని అనుసరించవలెను. ఎటూ మొగ్గకపోతే తక్కువ సంఖ్యను లెక్కకు తీసుకొని మిగిలినది పూర్తి చేసి, చివర సజ్దా సహూ చేయవలెను. అనగా సందేహం మాటిమాటికీ వేధించేవానికే శాస్త్రం ఎక్కువ వెసులుబాటు ఇచ్చినది. ఇందులో ఎక్కడా మందలింపు లేదు. సందేహం వచ్చినందుకు శిక్షా లేదు.

అయితే ఈ సూత్రం ఎల్లవేళలా సులభమైనదేమీ కాదు. భర్త ఎక్కడికో వెళ్ళి తిరిగి రాలేదు. బ్రతికి ఉన్నాడో లేదో తెలియదు. బ్రతికి ఉండినాడన్నది ఒకప్పటి నిశ్చయం, మరణించినాడన్నది సందేహం. సూత్రాన్ని అక్షరాలా పట్టుకొంటే ఆ స్త్రీ అతని ఈడువారందరూ గతించువరకు వేచి ఉండవలెను. హనఫీ గ్రంథాలు అట్లే చెప్పినవి. మన దేశంలో ఎందరో స్త్రీలు ఈ కారణంగా బాధలు పడినారు. చివరకు మౌలానా అష్రఫ్ అలీ థానవీ వంటి హనఫీ పండితులే మాలికీ సంప్రదాయం నుండి నాలుగేండ్ల గడువును స్వీకరించినారు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలో కూడా, నాలుగేండ్లు భర్త ఆచూకీ తెలియకపోతే వివాహం రద్దు కోరవచ్చునని ఉన్నది. తాము అనుసరించే సూత్రం ఒకచోట న్యాయం చేయుచున్నదా అని సందేహించి వెనుకకు తిరిగి చూచిన పండితుల పని ఇది. దీనిని మన పాఠ్యగ్రంథాలలో తగినంతగా చెప్పుట లేదని మా అభిప్రాయం.

ఇక సందేహం గూర్చి వ్రాయబూనినవారు ఇమాం గజాలీని తలచకుండ ఉండలేరు. ఆయన 1058లో ఖురాసానులోని తూసులో జన్మించినారు. 33 ఏండ్ల వయస్సులో, 1091లో, బాగ్దాదు నిజామియాలో ప్రధానాచార్యులైనారు. తన వద్ద మూడువందల మంది విద్యార్థులు చదువుకొనేవారని ఆయనే చెప్పినారు. జీవిత చరమభాగంలో వ్రాసిన అల్ మున్‌ఖిజ్ అను చిన్న గ్రంథంలో తన మనఃస్థితిని దాపరికం లేకుండా వివరించినారు. కొన్ని విషయాలు తల్లిదండ్రుల నుండి, గురువుల నుండి విన్నందువలన మాత్రమే నమ్ముచున్నామని ఆయన గమనించినారు. అవి పోగా మిగిలినదేమి? కండ్లతో చూచినది. అయితే కన్ను నీడను చూచి కదలుట లేదని చెప్పుచున్నది. గంట తరువాత చూస్తే అది జరిగి ఉన్నది. నక్షత్రం దీనారు నాణెమంత కనిపించుచున్నది. గణితం అది భూమికంటె పెద్దదని చెప్పుచున్నది. కన్నును బుద్ధి అబద్ధమాడినదని పట్టుకొన్నది. మరి బుద్ధిని పట్టుకొనగలిగినది ఇంకొకటి ఉండి, అది మనకు ఇంకా కనిపించలేదేమో? కలలో ఉన్నప్పుడు కల నిజమనే అనుకొంటాము గదా? ఈ స్థితిలో ఆయన సుమారు రెండు నెలలు ఉన్నారు. దానినుండి తన్ను బయటకు తెచ్చినది వాదం కాదనీ, దైవం తన హృదయంలో వేసిన వెలుగు అనీ ఆయన వ్రాసినారు. యూరపులో డెకార్ట్ ఇంద్రియాలనూ, కలనూ ఆధారం చేసుకొని ఇటువంటి ప్రశ్ననే వేసి గ్రంథం ప్రకటించినది 1641లో.

ఇంతవరకు తత్త్వశాస్త్ర విద్యార్థులు చదువుకొనేదే. మమ్ములను ఎక్కువగా కదిలించినది రెండవ ఘట్టం. 1095లో గజాలీ మరల సంకటంలో పడినారు. ఈసారి సందేహం జ్ఞానం మీద కాదు, తన మీదనే. నేను బోధించుట దైవం కొరకా, పేరు ప్రతిష్ఠల కొరకా అని ప్రశ్నించుకొన్నారు. జవాబు ఆయనకు నచ్చలేదు. దాదాపు ఆరు నెలలు ఉండాలో పోవాలో తేల్చుకొనలేకపోయినారు. ఒకనాడు తరగతిలో నోట మాట పెగలలేదు. తిన్నది దిగలేదు. వైద్యులు చేతులెత్తివేసినారు. చివరకు మక్కా యాత్రకని చెప్పి, ఉద్యోగం విడిచి, కుటుంబానికి కావలసినది మాత్రం ఏర్పాటు చేసి, మిగిలినది పంచివేసి, సిరియా దేశం చేరినారు. పదకొండేండ్ల పిమ్మట 1106లో నిషాపూరులో తిరిగి పాఠం చెప్పినారు. 1111లో తూసులో మరణించినారు. జీతం కొరకు పాఠాలు చెప్పుకొనే మావంటివారికి ఈ ఘట్టం చదువుట అంత సుఖమైన పని కాదు.

గజాలీ పుట్టుటకు సుమారు రెండు దశాబ్దాల ముందు కైరోలో కన్నుమూసిన ఇబ్నుల్ హైథమ్ దృష్టిశాస్త్రానికి పునాదులు వేసినవాడు. ఆయన గ్రంథాలలో ఒకదాని పేరే "టాలమీపై సందేహాలు". పూర్వుల గ్రంథాలపై గౌరవం ఉన్నప్పటికీ వారి ప్రతి మాటనూ పరీక్షించవలెనని అందులో చెప్పి, పరీక్షించువాడు తన్ను తాను కూడా సందేహించుకొనవలెననీ, లేనిచో పక్షపాతంలోనో, అలసత్వంలోనో పడుననీ హెచ్చరించినాడు. ఈ రెండవ భాగాన్ని మేము అనేకమార్లు చదివినాము. మొదటి భాగం మాత్రం గుర్తుంచుకొని, ఇతరులందరినీ సందేహించుటే విజ్ఞానదృష్టి అనుకొనే యువకులు ప్రతి కళాశాలలోను ఉంటారు. మా కాలంలో మేము కూడ వారిలోనివారమే.

ఖురానులోని బఖరా సూరాలో ఇబ్రాహీం ప్రవక్త, మృతులను ఎట్లు బ్రతికించెదవో చూపుమని దైవాన్ని వేడిన ప్రసంగం ఉన్నది. నీకు విశ్వాసం లేదా అని ప్రశ్న వచ్చినప్పుడు, ఉన్నది, కాని నా హృదయం కుదుటపడుటకు అని ఆయన జవాబు. ప్రార్థన తిరస్కరింపబడలేదు. కఠోపనిషత్తులో బాలుడైన నచికేతుడు యముని ఎదుట పెట్టిన మూడవ కోరిక కూడా ఒక సందేహమే: మరణించిన పిమ్మట మనిషి ఉన్నాడా, లేడా? యేసు శిష్యులలో తోమా గాయాలను తాకి చూచినగాని నమ్మనన్నాడు. ఆ తోమాయే మన మద్రాసు మైలాపూరు వరకు వచ్చి ప్రాణాలిచ్చినాడని క్రైస్తవుల నమ్మకం. ఈ ముగ్గురిలో ఎవరినీ వారి వారి గ్రంథాలు వాకిటనుండి వెళ్ళగొట్టలేదు.

మేము ఇంతవరకు చెప్పినదంతా ఒక్క సూరాలో ఇమిడి ఉన్నట్లు మా ఉర్దూ మిత్రులు చూపించినారు. 49వదైన హుజురాత్ సూరాలో ఉన్నవి 18 వాక్యాలే. అందులో ఆరవ వాక్యం, నమ్మదగని వాడు వార్త తెస్తే విచారించి చూడుడు, తెలియక ఒక జనసమూహానికి హాని చేసి తరువాత పశ్చాత్తాపపడవలసి వచ్చును అని హెచ్చరించుచున్నది. పన్నెండవ వాక్యం గుమాన్లకు దూరంగా ఉండుడు, ఇతరుల రహస్యాలు వెదకకుడు అని చెప్పుచున్నది. పైపైన చదివినవారికి ఇవి పరస్పర విరుద్ధంగా తోచవచ్చును: ఒకచోట సందేహించుమని, మరొకచోట సందేహించవద్దని. కాని మొదటిది వార్త మీద సందేహం, రెండవది మనిషి మీద అనుమానం.

ఈ భేదం పుస్తకాలలో మాత్రమే ఉండేది కాదు. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకొనిపోయే ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్‌లో సందేశాలు, వీడియోలు మన రెండు రాష్ట్రాలలోను వ్యాపించినవి. మే నెలలో, రంజాను మాసంలోనే, హైదరాబాదు పాతబస్తీలో యాచనకై వచ్చిన ఒక హిజ్రాను గుంపు కొట్టి చంపినది. జూలై 13వ తేదీన హైదరాబాదు నుండి బీదరు జిల్లాకు వెళ్ళిన మిత్రబృందం ఒకటి దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు పంచినారు. పిల్లల దొంగలని కేక పుట్టినది. వారు కారులో బయటపడినను, వీడియో వారికంటె ముందు పోయినది. ముర్కి గ్రామం వద్ద గుంపు కమ్ముకొన్నది. అడ్డుపడిన పోలీసులకూ దెబ్బలు తగిలినవి. ఒక యువకుడు మరణించినాడు. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపుటకు వీలులేకుండ చేసినది.

ఆ గుంపులను వార్తాపత్రికలు అనుమానంతో దాడి చేసినవారని వ్రాసినవి. మాట సరియైనదే. కాని ఆ వందలాది మందిలో సందేహం అన్నది ఎవరికి కలిగినది? పిల్లలను ఎత్తుకొనిపోవువాడు పట్టపగలు, అందరూ చూచుచుండగా చాక్లెట్లు పంచునా అని అడిగినవాడు ఎవరు? ఏ ఊరిలో, ఎవరి పిల్లవాడు పోయినాడు అని అడిగినవాడు ఎవరు? గట్టు మీది మోడు వద్దకు నాలుగడుగులు నడచి చూచినవాడు లేడు. ఆ వీధులలో అనుమానం నిండుగా ఉన్నది, సందేహం లేశమైనా లేదు. నిందితుని నేరం సందేహాతీతంగా ఋజువు కానిచో సంశయలాభం ఇచ్చి విడుదల చేయుట మన న్యాయస్థానాల పద్ధతి. అనుమానం కలిగిన చోట ఏండ్ల తరబడి సందేహాన్ని నిలిపి ఉంచుటకే ఆ భవనాలూ, వకీళ్ళూ, వాయిదాలూ. గుంపునకు వాయిదా లేదు.

ఇతరుల సంగతి చెప్పి ఊరకుండుట న్యాయం కాదు. చాలా ఏండ్ల క్రితం, మేము ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులలో, నాగార్జునకొండ విహారయాత్రకై విద్యార్థుల వద్ద వసూలు చేసిన పైకం 2,300 రూపాయలు ఉన్న కవరు మా ఆచార్యుల గదిలో కనిపించకుండ పోయినది. గది తాళపుచెవి మా వద్ద ఒకటి, అటెండరు వద్ద ఒకటి. పిల్లలందరూ ఆయనను చాచా అని పిలిచేవారు. ఆయనను ఎవరూ ఏమీ అనలేదు. ఆ మాట మేము చాలాకాలం గర్వంగా చెప్పుకొన్నాము. కాని మరునాడే, "చాచా, తాళపుచెవి కొన్నాళ్ళు మా దగ్గర ఉండనీయండి" అన్నాము. ఆయన జేబులోనుండి తీసి బల్ల మీద పెట్టినాడు. పదకొండు రోజుల తరువాత హాజరుపట్టీల కట్ట విప్పితే కవరు అందులో ఉన్నది. ఆ కట్ట కట్టినది మేమే. ఆ పదకొండు రోజులలో మా జ్ఞాపకశక్తి మీద మాకు ఒక్క క్షణమైనా సందేహం కలుగలేదు. తాళపుచెవి తిరిగి ఇయ్యబోతే చాచా, "వద్దులే బాబూ, మీ దగ్గరే ఉండనీయండి" అన్నాడు. పదవీ విరమణ చేసేవరకు ఆ గది తాళం ఆయన తీయలేదు. పొద్దున్నే వచ్చి, మేము తెరచువరకు వరండాలో నిలబడేవాడు.

సందేహానికి ఒక రోగరూపం కూడా ఉన్నదని చెప్పవలెను. ధర్మగ్రంథాలు దానిని వస్‌వసా అంటాయి. వజూ అయినదో లేదో అని పదేపదే నీళ్ళు పోసుకొనేవారు, తలుపు గడియ వేసినామో లేదో అని రాత్రి పదిమార్లు లేచేవారు ఇట్టివారు. ఇది విశ్వాసలోపం కాదు. పండితులు దానిని లెక్కచేయక ముందుకు సాగుమని చెప్పినారు. నేటి మానసిక వైద్యులు దీనిని గుర్తించి చికిత్స చేయుచున్నారు. ఇట్టి బాధ గలవారు సిగ్గుపడక వైద్యుని వద్దకు పోవుట మంచిది.

ఆ విద్యార్థి ఇప్పుడు తృతీయ సంవత్సరంలో ఉన్నాడు. ఈ వ్యాసం సగం వ్రాసిన పిమ్మట ఒకనాడు గ్రంథాలయం మెట్ల మీద ఎదురైతే ఆపి, ఆనాడు నీకు వచ్చిన సందేహం ఏ విషయంలో అని అడిగినాము. అతనికి ముందు జ్ఞాపకం రాలేదు. తరువాత చెప్పినాడు. సందేహం తనది కాదట. ఇంట్లో తాతగారికి జ్ఞాపకం తగ్గి, నమాజులో ఎన్ని రకాతులు అయినవో తెలియక, మూడో నాలుగో అని మరల మొదలుపెట్టేవారట. ఒక్కొక్క ఇషా నమాజు అర్ధరాత్రి వరకు సాగేదట. సందేహం వచ్చుట పాపమని ఏడ్చేవారట. తెలుగు సార్ సందేహం గూర్చి పాఠం చెప్పినారు గదా, వారికి తెలిసి ఉంటుందని అడిగినాడట.

దానికి జవాబు ఉన్న పుస్తకం ఆ మెట్ల పైనున్న గదిలోనే, ఉర్దూ బీరువాలో ఉన్నది. తాతగారు ఎట్లున్నారని అడిగినాము. పోయిన రంజానుకు ముందే గతించినారని చెప్పినాడు.